తల్లికి కీళ్లవాతం ఉంటే బిడ్డకు జన్యుపరీక్ష చేయించాలా?

చిత్తూరు జిల్లా పల్లెల్లో పాల కేంద్రానికి పాలు పోయాల్సిన వేళ తెల్లవారుజామునే మొదలవుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవాళ్లకు చేతివేళ్లు బాగా బిగుసుకుపోయేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఆవు పొదుగు దగ్గర కూర్చున్న తల్లికి పిడికిలి మూతపడదు; వేడినీళ్లలో చేతులు పెట్టుకుని గంటసేపు ఓర్చుకుంటే గాని వేళ్లు వంగవు; దాంతో ఆ పని పన్నెండేళ్ల కూతురి మీద పడుతుంది. కూతురు పాలు పిండుతున్నంతసేపూ తల్లి చూపు ఆ పిల్ల వేళ్ల మీదే ఉంటుంది. "నా బిడ్డకు గూడా ఇదే వస్తాదా సార్? ఇప్పుడే రక్తం తీసి టెస్టు చేసేస్తే తెలిసిపోదా?" అని ఆమె డాక్టరును అడగడంలో ఆశ్చర్యం లేదు. ఈ ప్రశ్నకు సైన్సు దగ్గర స్పష్టమైన సమాధానమే ఉంది. అయితే ఆ సమాధానం చాలామంది అనుకునేలా ఉండదు.

ముందుగా ఈ జబ్బు ఏమిటో కొంత తెలుసుకోవాలి. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు పెద్దవాళ్ల మోకాళ్లను పట్టేసే నొప్పి చాలావరకు వయసుతో వచ్చే అరుగుదల నొప్పి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అది కాదు. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, కీళ్ల లోపల ఉండే పల్చని పొర మీద దాడి చేస్తుంది. రెండు చేతుల మణికట్లు, వేళ్ల మొదళ్లలోని చిన్న కీళ్లు ఒకేలా వాస్తాయి. పొద్దున లేవగానే బిగువు ఎక్కువగా ఉండి, పనిలో పడ్డాక తగ్గుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే కొన్నేళ్లలో వేళ్లు వంకరపోతాయి. ఢిల్లీ సమీప గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన సర్వేలో వెయ్యిమంది పెద్దల్లో ఏడెనిమిది మందికి ఈ జబ్బు కనిపించింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది రెండు మూడింతలు ఎక్కువ.

ఇది వంశపారంపర్యంగా వస్తుందా అంటే, కొంతవరకు అవును. ఎంతవరకో చెప్పడానికి కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను మించిన ఆధారం లేదు. ఒకే అండం నుంచి విడిపోయిన కవలలకు జన్యువులన్నీ దాదాపు ఒక్కటే. బ్రిటన్‌లో జరిపిన ఒక అధ్యయనంలో అలాంటి జంటలో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి కూడా ఉన్నది వంద జంటల్లో సుమారు 15 జంటల్లోనే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో ఆ సంఖ్య 4 లోపే. జన్యువులే జబ్బును నిర్ణయించేటట్లయితే మొదటి అంకె వందకు దగ్గరగా ఉండాలి కదా! తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు ఉన్నవారికి, లేనివారితో పోలిస్తే ముప్పు సుమారు మూడింతలని స్వీడన్ జనాభా రికార్డులు చెబుతున్నాయి. మూడింతలు అన్న మాట వినగానే గుండె జారుతుంది. కానీ అసలు ముప్పే వెయ్యికి పదిలోపు ఉన్నప్పుడు దాన్ని మూడుతో గుణించినా వెయ్యికి పాతిక చుట్టుపక్కలే తేలుతుంది. కూతుళ్లకు ఇంకొంత ఎక్కువ ఉండవచ్చు. అయినా ఈ జబ్బున్న వందమంది తల్లుల కూతుళ్లలో తొంభైమందికి పైగా ఇది లేకుండానే బతుకుతారు.

"సరే, ఆ కొద్దిమందిలో నా బిడ్డ ఉందో లేదో జన్యుపరీక్ష చెప్పదా?" అన్నది తరువాత వచ్చే ప్రశ్న. ఈ జబ్బుతో అన్నిటికంటే గట్టి సంబంధం ఉన్న జన్యువు ఆరో క్రోమోజోము మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1. శరీరంలోకి చొరబడిన క్రిముల ముక్కలను రోగనిరోధక కణాలకు పట్టి చూపించే ప్రోటీను తయారయ్యేది దీని నుంచే. ఈ జన్యువుకు ఎన్నో రకాలున్నా, జబ్బుతో సంబంధమున్న రకాలన్నిటిలోనూ ఒకేచోట దాదాపు ఒకే అమైనో ఆమ్లాల వరుస ఉందని 1987లో పీటర్ గ్రెగర్సన్, ఆయన సహచరులు గుర్తించారు. ఆ తరువాత 2014 నాటికి ఈ జబ్బుతో సంబంధం ఉన్న జన్యుస్థానాల లెక్క వంద దాటింది. వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కొక్కటిగా చూస్తే అతి స్వల్పం.

చిక్కంతా ఎక్కడుందంటే, ఆ ప్రధాన జన్యురకం ఆరోగ్యవంతుల్లోనూ పుష్కలంగా ఉంది. లెక్క కోసం వెయ్యిమందిని తీసుకుందాం. వాళ్లలో ఎనిమిదిమందికి జబ్బు వస్తుందనీ, ఆ ఎనిమిదిమందిలో ఐదుగురికి ఈ జన్యురకం ఉందనీ, మిగిలిన 992 మంది ఆరోగ్యవంతుల్లో నాలుగోవంతు మందికి, అంటే 248 మందికి, అదే ఉందనీ అనుకుందాం. అందరికీ పరీక్ష చేస్తే 253 మందికి పాజిటివ్ వస్తుంది. వాళ్లలో నిజంగా జబ్బు పడేది ఐదుగురు. మిగిలిన 248 మందిదీ ఊరకే పడే బెంగ. అటు నెగెటివ్ వచ్చినవాళ్లలో ముగ్గురు జబ్బు పడతారు. వాళ్లదేమో లేని ధీమా. అందుకే ఈ పరీక్ష ఆరోగ్యంగా తిరుగుతున్న బిడ్డ భవిష్యత్తు చెప్పడానికి పనికిరాదని నేను గట్టిగా అంటున్నాను. జన్యువును చదవడంలో ప్రయోగశాల పొరపాటు చేస్తుందని కాదు. మనం అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ జన్యువులో లేదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లవాడికి కాళ్లు నొప్పులంటే చాలు, ఏఎస్‌ఓ, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలతో కలిపి ఈ పరీక్ష కూడా చేయించేసే అలవాటు మన పట్టణాల్లో ఉంది. ఇది జన్యుపరీక్ష కాదు, రక్తంలోని ఒక యాంటీబాడీని, అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక ప్రోటీనును, చూసే పరీక్ష. క్షయ, హెపటైటిస్ సి వంటి అంటురోగాల్లోనూ, ఏ జబ్బూ లేని వృద్ధుల్లోనూ ఇది పాజిటివ్ రావచ్చు. ఇక నిజంగా కీళ్లవాతం ఉన్న పిల్లల్లో ఇది పాజిటివ్ వచ్చేది వందకు ఐదుగురికి అటూ ఇటూగానే. కాబట్టి రిపోర్టులో నెగెటివ్ అని ఉంది గదా అని వాచిన మోకాలితో ఉన్న బిడ్డను ఇంటికి తీసుకుపోకూడదు. ఇంట్లో నలుగురికీ ఒకేసారి కీళ్లనొప్పులు వచ్చాయి కాబట్టి వంశంలోనే ఉందనుకోవడమూ తొందరపాటే. చికున్‌గున్యా వచ్చిపోయిన ఇళ్లలో నెలల తరబడి కీళ్లు వాచి ఉండటం 2006 తరువాత మన రాష్ట్రంలో చాలామందికి అనుభవమే.

జన్యుపరీక్ష నిజంగా అక్కరకొచ్చే కీళ్లజబ్బు ఒకటుంది. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు నేటికీ ఉన్న మన సీమలో దాని గురించి తెలిసి ఉండటం అవసరం. ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా అని దాని పేరు. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లల వేళ్ల కణుపులు లావెక్కుతాయి, నడక మారుతుంది, తుంటి బిగుస్తుంది. చూడగానే కీళ్లవాతమే అనిపిస్తుంది. కానీ ఆ కణుపును వేలితో నొక్కి చూస్తే కీళ్లవాతంలోలా మెత్తగా, వెచ్చగా ఉండదు, ఎముకలా గట్టిగా తగులుతుంది. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగానే ఉంటాయి. వెన్ను ఎక్స్‌రే తీస్తే పూసలు చదునుగా కనిపిస్తాయి. ఇది వాపు జబ్బు కాదు; మృదులాస్థి ఎదుగుదలలో లోపం. దీనికి కారణమైన జన్యువును 1999లో కనుక్కున్నారు; ఇప్పుడు దాన్ని సీసీఎన్6 అని పిలుస్తున్నారు. భారతదేశంలో పదుల కుటుంబాల్లో ఇది నమోదైంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న రెండు ప్రతులూ చేరినప్పుడే ఈ జబ్బు వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో అలా చేరే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో ప్రతి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఇది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దీన్ని గుర్తించక కీళ్లవాతమని పొరబడితే, ఆ పిల్లవాడికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వంటి కీళ్లవాతం మందులు ఇస్తూ పోతారు. వాటివల్ల ఒరిగేదేమీ ఉండదు, దుష్ఫలితాలు మాత్రం ఉంటాయి. ఇక్కడ జన్యుపరీక్ష ఆ అనవసర మందులను ఆపిస్తుంది, తరువాతి కాన్పు గురించి దంపతులకు ముందే తెలియజేస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఇలా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు గనుక, "మేనరికం చేసుకున్నాం కాబట్టే నా బిడ్డకు ఇది వస్తుందేమో" అని ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కరలేదు.

పిల్లల్లోనే మొదలయ్యే కీళ్లవాతం కూడా ఉంది. పదహారేళ్లలోపు మొదలై, ఆరు వారాలకు మించి కీలు వాచి ఉండి, వేరే కారణమేదీ తేలకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. ఇది చాలావరకు పెద్దల జబ్బుకు పిల్లల రూపం కాదు, వేరే జబ్బే. రాత్రిళ్లు పిక్కలు లాగేస్తున్నాయని ఏడ్చి, పొద్దున్నే చెంగుచెంగున గెంతే పిల్లలకు భయం లేదు. పొద్దున్న మంచం దిగగానే కుంటుతూ, బడికి వెళ్లే వేళకు సర్దుకునే పిల్లల మోకాళ్లను మాత్రం తడిమి చూడాలి. ఒకటి రెండు కీళ్లు మాత్రమే వాచే చిన్న ఆడపిల్లల్లో కంటి లోపల కూడా వాపు రావచ్చు. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, చూపు మాత్రం మెల్లగా పోతుంది. రక్తంలో యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ అనేది ఉన్న అలాంటి పిల్లలకు మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రంతో కళ్లు చూపించమనేది అందుకే. కీళ్లకు వైద్యం చేయిస్తూ కళ్ల మాట మరిచిపోవడం నన్ను అన్నిటికంటే కలవరపెట్టే సంగతి.

పెద్దయ్యాక వచ్చే జబ్బుల కోసం పిల్లలకు ముందస్తు జన్యుపరీక్ష చేయవద్దనీ, చిన్నతనంలోనే చేయగలిగిన వైద్యం ఉంటే తప్ప ఆ నిర్ణయాన్ని వాళ్లు పెద్దయ్యేదాకా ఆపాలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అక్కడి వైద్య జన్యుశాస్త్ర సంస్థ 2013లో స్పష్టం చేశాయి. మన దగ్గర దీనికి ఇంకో కారణం కలుస్తుంది. ఆడపిల్ల పేరు మీద అలాంటి కాగితం ఒకటి బీరువాలో ఉంటే, సంబంధాలు చూసేనాటికి అది ఎవరి నోట ఏ రూపం దాలుస్తుందో చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు జబ్బు లేదు, బహుశా ఎప్పటికీ రాదు. అయినా మాట మాత్రం పడుతుంది.

ఏ పరీక్షా లేకుండానే ఆ ఇంట్లో చేయగలిగిన పనులున్నాయి. మొదటిది పొగ. హానికర జన్యురకం రెండు ప్రతులుండి పొగ తాగేవారికి, ఆ జన్యురకమూ పొగ అలవాటూ లేనివారితో పోలిస్తే, ఈ జబ్బున్న చాలామంది రక్తంలో కనిపించే యాంటీ సీసీపీ అనే యాంటీబాడీలతో కూడిన కీళ్లవాతం ముప్పు 21 రెట్లని స్వీడన్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. పొగకు ఊపిరితిత్తుల్లోని ప్రోటీన్లు రూపు మారి, శరీరం వాటిని పరాయివిగా భావించి యాంటీబాడీలు తయారుచేస్తుందని వారి వాదన. జన్యువును మార్చలేం గాని, ఇంట్లో బీడీని ఆపవచ్చు. రెండోది రాతిదుమ్ము. సిలికా దుమ్ము పీల్చే పనివాళ్లలో ఈ జబ్బు ఎక్కువని తేలింది. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవారున్న కుటుంబాలు దీన్ని పట్టించుకోవాలి. తడిపి కోయడం, సరైన మాస్కు వాడటం ఊపిరితిత్తులకూ మేలే. అన్నిటికంటే ముందు, తల్లికి సరైన వైద్యం అందాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భం అనుకుంటే డాక్టరుకు ముందే చెప్పి మానేయాలి. ఈ జాగ్రత్తలతో మొదటి నెలల్లోనే వైద్యం మొదలైతే, ఇవాళ చాలామంది చేతులు వంకరపోకుండా నిలుస్తున్నాయి.

జబ్బు రాకముందే ఆపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో యాంటీ సీసీపీ పాజిటివ్‌గా ఉండి, కీళ్లనొప్పులున్నా ఇంకా వాపు రాని 213 మంది పెద్దలకు ఏడాదిపాటు వారం వారం రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గించే అబటసెప్ట్ అనే మందు ఇంజెక్షనో, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షనో ఇచ్చి చూశారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది ముగిసేసరికి మందు తీసుకున్నవారిలో వందకు ఆరుగురికి, తీసుకోనివారిలో 29 మందికి జబ్బు వచ్చింది; మందు ఆపిన మరో ఏడాదికి ఆ అంకెలు 25, 37 అయ్యాయి. అంటే జబ్బును వెనక్కి నెట్టగలిగారు గాని పూర్తిగా ఆపలేకపోయారు. ఆ మనుషులను ఎంచుకున్నది జన్యువును బట్టి కాదు, రక్తంలోని యాంటీబాడీని, కీళ్లనొప్పిని బట్టి. కాబట్టి మన పన్నెండేళ్ల పిల్లకు ఇప్పుడు ఏ పరీక్షా అక్కరలేదు. ఆమె పెద్దదయ్యాక ఎప్పుడైనా, తెల్లవారుజామున వేళ్లు బిగుసుకుని అరగంటకు పైగా వదలకుండా, వేళ్ల మొదళ్లు వాచి కొన్ని వారాలు అలాగే ఉంటే, తిరుపతిలోనో వేలూరులోనో కీళ్లవాత నిపుణులను ఆ నెలలోనే కలిసి, అమ్మకు ఉన్న జబ్బు పేరు చెప్పి, అప్పుడు యాంటీ సీసీపీ పరీక్ష చేయించుకోవాలి.