గేటును నెట్టే నీరే పడవను మోస్తుంది

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఉంటుంది. ఎగువన నీరు 12 అడుగుల నిండు మట్టంలో కదలిక లేకుండా నిలిచి ఉన్న రోజున, బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు వెళ్లేవారికి ఆ నీరు ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో కూడా అది మూసి ఉన్న ప్రతి గేటునూ దాదాపు 80 టన్నుల బరువుకు సమానమైన బలంతో దిగువకు నెడుతూనే ఉంటుంది. ఆ పక్కనే పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి సాగే పడవను పైకెత్తి పట్టుకున్నది కూడా అదే నీరు, అదే కారణంతో.

పాఠశాలలో పీడనం ఒక పాఠంగా, ఉత్ప్లవనం (నీరు వస్తువును పైకి నెట్టడం) మరొక పాఠంగా, సాంద్రత ఇంకొకటిగా వస్తాయి. ఒక్కో దానికి ఒక్కో నిర్వచనం, ఒక్కో సూత్రం కంఠస్థం చేసి విద్యార్థులు పరీక్ష రాస్తారు. ఇవి విడివిడి విషయాలు కావనీ, లోతు పెరిగే కొద్దీ నీటి పీడనం పెరుగుతుందన్న ఒక్క మాట సరిగ్గా అర్థమైతే మిగిలినవన్నీ దానిలో నుంచే వస్తాయనీ నా దృఢమైన అభిప్రాయం. అందుకే ముందుగా గేటు లెక్కనే నిదానంగా చూద్దాం.

పీడనం అంటే ఒక చదరపు మీటరు వైశాల్యంపై లంబంగా పనిచేసే బలం. దీనిని పాస్కల్‌లలో కొలుస్తాం. నీటిలో ఒక బిందువు దగ్గర పీడనం, ఆ బిందువుకు పైనున్న నీటి లోతును నీటి సాంద్రతతోనూ గురుత్వ త్వరణంతోనూ గుణిస్తే వస్తుంది. మంచినీటి సాంద్రత ఘనమీటరుకు 1,000 కిలోలు, గురుత్వ త్వరణం 9.8 కాబట్టి, ప్రతి మీటరు లోతుకూ 9,800 పాస్కల్‌ల పీడనం పెరుగుతుంది. గేటు పై అంచు దగ్గర నీటి వల్ల కలిగే పీడనం సున్నా. 12 అడుగులు, అంటే 3.66 మీటర్ల దిగువన ఉన్న అంచు దగ్గర అది సుమారు 35,800 పాస్కల్‌లు. పై నుంచి కిందికి ఒకే తీరున పెరుగుతుంది కనుక సగటు 17,900. గేటు వైశాల్యం సుమారు 44.6 చదరపు మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే దాదాపు 8 లక్షల న్యూటన్‌లు, అంటే 80 టన్నులకు కొంచెం పైగా బరువు. గాలి పీడనాన్ని ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే అది గేటుకు రెండు వైపులా సమానంగా ఉండి తనను తానే రద్దు చేసుకుంటుంది.

ఈ లెక్కలో లేని ఒక అంశాన్ని విద్యార్థులు గమనించాలి. గేటు వెనుక నీరు ఎంత దూరం వరకు ఉందన్న ప్రస్తావన ఎక్కడా రాలేదు. బ్యారేజీ ఎగువన నిలిచిన నీరు ఇబ్రహీంపట్నం వైపు కిలోమీటర్ల దూరం విస్తరించి ఉంటుంది; అయినా ఆ విస్తీర్ణానికీ గేటుపై పడే బలానికీ ఏ సంబంధమూ లేదు. గేటుకు మీటరు దూరంలో దానికి ఎదురుగా మరో గోడ కట్టి, మధ్యనున్న ఇరుకు జాగాలో మాత్రమే 12 అడుగుల నీరు నింపినా గేటు మోయవలసింది అదే 80 టన్నులు. ఇది మొదట వినగానే నమ్మబుద్ధి కాదు. డచ్ ఇంజనీరు సైమన్ స్టెవిన్ 1586లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతిని స్పష్టంగా చెప్పినప్పుడు అప్పటివారికీ అలాగే అనిపించి ఉంటుంది. కానీ ఇంటి మీది ట్యాంకు దీనికి ప్రతిరోజూ సాక్ష్యం ఇస్తోంది. డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఉన్నా 5,000 లీటర్ల ట్యాంకు ఉన్నా, నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటే కింది అంతస్తులో మూసి ఉన్న కుళాయి దగ్గర పీడనం ఒక్కటే. పెద్ద ట్యాంకులో నీరు ఎక్కువసేపు వస్తుంది, అంతే. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో నీరు సన్నగా, కింది అంతస్తులో జోరుగా రావడానికి కారణం ట్యాంకు నుంచి ఉన్న లోతులో తేడాయే. సుమారు పది మీటర్ల నీటి లోతు ఒక వాతావరణ పీడనానికి సమానం.

గేటుపై బలం లోతుకు అనులోమంగా కాక, లోతు వర్గానికి అనులోమంగా పెరుగుతుందని కూడా పై లెక్క చెబుతోంది. లోతు రెట్టింపైతే సగటు పీడనమూ రెట్టింపు అవుతుంది, నీరు తాకే వైశాల్యమూ రెట్టింపు అవుతుంది. కనుక బలం నాలుగింతలు. ఆనకట్టలను అడుగున వెడల్పుగా, పైన సన్నగా కట్టడం వెనుక ఈ లెక్క ఉంది. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు, అక్కడ స్టాప్‌లాగ్ గేటు (తాత్కాలికంగా అడ్డుగా దించే తలుపు) దించడానికి ముందు జలాశయంలో నీటిమట్టాన్ని బాగా తగ్గించవలసి రావడం వెనుక కూడా ఉన్నది ఇదే. నీరు తక్కువ లోతులో ఉంటే ప్రవాహ వేగమూ తగ్గుతుంది, దించిన తలుపుపై పడే బలం అంతకంటే వేగంగా తగ్గుతుంది.

ఇక ఉత్ప్లవనం. నీటిలో ఒక మీటరు భుజం గల ఘనాన్ని ఊహించండి. దాని పై ముఖం నీటి మట్టానికి ఒక మీటరు లోతులో, కింది ముఖం రెండు మీటర్ల లోతులో ఉన్నాయనుకోండి. నాలుగు పక్క ముఖాలపై పడే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పై ముఖాన్ని నీరు 9,800 న్యూటన్‌ల బలంతో కిందికి నొక్కుతుంది. కింది ముఖాన్ని 19,600 న్యూటన్‌లతో పైకి నెడుతుంది. మిగిలిన 9,800 న్యూటన్‌లు పైకి పనిచేస్తాయి. ఒక ఘనమీటరు నీటి బరువు కూడా సరిగ్గా అంతే. మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన ఉత్ప్లవన బలాన్ని పొందుతుందని క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడిస్ నిరూపించిన నియమం ఇదే. అది పీడనం మీద పైనుంచి అతికించిన వేరొక నియమం కాదు, పై అంచుకూ కింది అంచుకూ మధ్య ఉన్న పీడనపు తేడాకు పెట్టిన పేరు.

ఈ ఘనాన్ని ఇంకా కిందికి, పై ముఖం ఐదు మీటర్ల లోతులో ఉండేలా దించినా తేడా మారదు. రెండు ముఖాలపైనా పీడనం పెరుగుతుంది, కానీ సమానంగా పెరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఉత్ప్లవన బలం కూడా పెరుగుతుందని చాలామంది విద్యార్థులు రాస్తుంటారు. పీడనం పెరగడం నిజమే. పూర్తిగా మునిగి, ఆకారం మారని వస్తువుపై ఉత్ప్లవన బలం మాత్రం పెరగదు.

వస్తువు ఘనం కాక వంకరటింకర రాయి అయితే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి స్టెవిన్ వాడిన వాదం నాకు భౌతికశాస్త్రంలోని అత్యంత అందమైన వాదాల్లో ఒకటిగా తోస్తుంది. ఆ రాయిని తీసివేసి, అదే స్థలంలో అదే ఆకారం గల నీటి ముద్ద ఉందనుకోవాలి. నిశ్చలమైన నీటిలో ఆ ముద్ద పైకీ పోదు, కిందికీ పోదు. అంటే చుట్టూ ఉన్న నీరు దాని బరువును సరిగ్గా మోస్తోంది. లోపల ఉన్నది నీరో రాయో చుట్టూ ఉన్న నీటికి తెలియదు. కనుక రాయిని కూడా అంతే బలంతో పైకి నెడుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ ఇనుప పడవలు గేట్లను ఢీకొని, కౌంటర్ వెయిట్లను (గేట్లను ఎత్తడానికి తోడ్పడే ప్రతిభారాలను) దెబ్బతీసి, అక్కడే మునిగి చిక్కుకున్నాయి. వాటిని బయటకు తీయడానికి ఎన్నో రోజులు పట్టింది. క్రేన్లు ఫలితం ఇవ్వలేదు. గజ ఈతగాళ్లు నీటి అడుగున కోసే ప్రయత్నం చేశారు. చివరకు రెండు పెద్ద పడవలను ఇనుప గర్డర్లతో జతచేసి, మునిగిన పడవను వాటికి వేలాడదీసి లాగే పద్ధతి ఫలించింది. నది మధ్యలో అంత బరువును ఎత్తడానికి కాలు మోపే నేల లేదు కనుక, నీటినే ఆధారం చేసుకోవడం ఇక్కడి ఉపాయం.

మునిగిన పడవ బరువు 40 టన్నులనుకుందాం. తేలుతున్నప్పుడు అది 40 ఘనమీటర్ల నీటిని తొలగించి తన బరువు మొత్తాన్ని నీటిపై మోపుతుంది, ఎందుకంటే లోపలి ఖాళీ కూడా ఘనపరిమాణంలో కలుస్తుంది. లోపల నీరు నిండగానే మిగిలేది ఉక్కు ఘనపరిమాణం మాత్రమే. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 7.9 రెట్లు కనుక 40 టన్నుల ఉక్కు తొలగించే నీరు ఐదు టన్నులకు కాస్త ఎక్కువ. మిగిలిన 35 టన్నులనూ పైనుంచే ఎత్తాలి. జత చేసిన రెండు పడవల అడుగు వైశాల్యం కలిపి 140 చదరపు మీటర్లయితే, ఆ భారం పడగానే అవి మరో 25 సెంటీమీటర్లు కిందికి దిగి, 35 ఘనమీటర్ల నీటిని అదనంగా తొలగించి నిలదొక్కుకుంటాయి. ఇసుక, ఒండ్రు లోపల చేరితే భారం ఇంకా పెరుగుతుంది. పడవ అడుగు బురదలో గట్టిగా కూరుకుని, దాని కిందికి నీరు చేరకపోతే, అడుగు నుంచి పైకి నెట్టే పీడనం కూడా అంతమేరకు అందదు. ఆర్కిమెడిస్ నియమాన్ని కంఠస్థం చేసినవారికి ఇది వింతగా తోచవచ్చు. పీడనం నుంచి దాన్ని రాబట్టినవారికి మొదటి లాగుడే ఎందుకు కష్టమో వెంటనే అర్థమవుతుంది.

వరదలో కాక మామూలు రోజుల్లోనే నీట మునిగిన పడవలను గుర్తు చేసుకోవడం బాధాకరం. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. నీరు మోయగల బరువు వేరు, పడవ నిటారుగా నిలవగల బరువు వేరు. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల పడవలో 60 కిలోల మనిషి ఒకరు ఎక్కితే అది రెండు మిల్లీమీటర్లే దిగుతుంది. ఇంకొకరు ఎక్కినా ఏమవుతుందిలే అనిపించేది అందుకే. కానీ జనం ఒక పక్కకు జరిగినా, లేచి నిలబడినా గురుత్వ కేంద్రం పక్కకు, పైకి కదులుతుంది. నీట మునిగిన భాగం ఆకారాన్ని బట్టి పైకి నెట్టే బలం ఒక హద్దు వరకే పడవను తిరిగి నిలబెట్టగలదు. లైఫ్ జాకెట్ సంగతి వేరు. మనిషి శరీర సాంద్రత దాదాపు నీటితో సమానం కనుక, పది కిలోల బరువుకు సమానమైన అదనపు ఉత్ప్లవన బలం ఉన్నా ముఖం నీటికి పైన ఉంటుంది. ఆ కొద్దిపాటి బలమే ప్రాణాన్ని నిలుపుతుంది.

సాంద్రత గురించి ఇక ఎక్కువ చెప్పనక్కర లేదు. వస్తువు సగటు సాంద్రత ద్రవం కంటే తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. కృష్ణా డెల్టాలోని వరి రైతులకు ఇది తరగతి గది అవసరం లేకుండానే తెలుసు. విత్తన వడ్లను ఉప్పునీటిలో పోస్తే తాలు, పొల్లు గింజలు పైకి తేలతాయి. గట్టి గింజలు అడుగుకు చేరతాయి. మంచినీటిలో కొంత తాలు కూడా మునిగిపోతుంది కాబట్టి, ఉప్పు కలిపి నీటి సాంద్రతను పెంచి, పరీక్షను కఠినం చేస్తారు. తాజా కోడిగుడ్డు తేలేంత వరకు ఉప్పు కలపడం ద్రావణం చిక్కదనాన్ని కొలిచే పాత పద్ధతి. సముద్రపు నీటి సగటు సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,025 కిలోలు. అందుచేత నదిలో నడిచే పడవ సముద్రంలోకి వెళితే రెండున్నర శాతం తక్కువ నీటిని తొలగించి, కాస్త పైకి తేలుతుంది.

విద్యార్థులు తమంతట తాము ఆలోచించడానికి ఒక ప్రశ్న. నిలిచిన నీటిలో తేలుతున్న పడవలో పది టన్నుల ఇసుక ఉంది. దాన్ని అక్కడే నీటిలో పోసేస్తే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? పడవలో ఉన్నప్పుడు ఆ ఇసుక తన బరువుకు సమానంగా పది ఘనమీటర్ల నీటిని తొలగిస్తోంది. అడుగుకు చేరాక తన సొంత ఘనపరిమాణాన్ని మాత్రమే తొలగిస్తుంది. ఇసుక రేణువుల సాంద్రత సుమారు 2,650 కనుక అది 3.8 ఘనమీటర్లకు మించదు. మట్టం తగ్గుతుంది. బ్యారేజీ దగ్గర ఆ తేడా కంటికి కనిపించదు. ఒక బకెట్‌లో స్టీలు గిన్నెను తేల్చి, గిన్నెలో రాళ్లు పెట్టి, బకెట్ గోడపై నీటి అంచున పెన్సిల్‌తో గీత గీసి, ఆ తరువాత రాళ్లను ఒక్కొక్కటిగా నీటిలోకి వదిలి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.