పాము కాళ్ళు, హూడినీ పిక్క

మొన్న సెలవులకి వచ్చిన మా మేనకోడలు అన్నం తింటూ తింటూ ఆగి, "మామయ్యా, హాస్టల్లో ఆత్మల్ని పిలిచే ప్లాంచెట్ ఆట ఆడాం. రూపాయి బిళ్ళ దానంతటదే కదిలింది, ఒట్టు, మేమెవరం తొయ్యలేదు" అంది. తొయ్యలేదని వాళ్ళు నమ్మడం నిజమే, తొయ్యడమూ నిజమే. మనకి తెలియకుండానే మన కండరాలు పని చేస్తాయని 1853లోనే మైకేల్ ఫెరడే అట్టముక్కలూ ఒక గడ్డిపుల్లా పెట్టి తేల్చేశాడు. దాని జోలికి ఇప్పుడు పోను, ఎందుకంటే ఆ పిల్ల అడిగిన రెండో ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. "సరే, మేం తెలియక తోశాం. మరి చీకటి గదిలో ఆత్మల్ని రప్పిస్తామని కావాలని మోసం చేసేవాళ్ళ సంగతేంటి? చుట్టూ కూర్చున్నవాళ్ళు చేతులూ కాళ్ళూ పట్టుకునే ఉంటారు కదా, అయినా ఎలా చేస్తారు?"

దీనికి నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా మంచి జవాబు హ్యారీ హూడినీ కుడికాలి పిక్కలో ఉంది.

సంకెళ్ళు విప్పుకునే మెజీషియన్‌గా హూడినీ అందరికీ తెలుసు కాబట్టి ఆ కథంతా వదిలేస్తాను. వాళ్ళమ్మ 1913లో పోయింది. 1922లో, అప్పటికి స్నేహితుడే అయిన షెర్లాక్ హోమ్స్ రచయిత కోనన్ డాయిల్ భార్య, మీ అమ్మ ఆత్మ నా చేత రాయిస్తోందంటూ పదిహేను పేజీలు గబగబా రాసిచ్చింది. మొదటి పేజీ పైన శిలువ గుర్తు, కింద అంతా చక్కటి ఇంగ్లీషు. ఆ తల్లేమో యూదు మతగురువు భార్య, ఇంగ్లీషు సరిగ్గా రానిది! ఇంకో సంగతి కూడా చెప్పాలి, హూడినీ తనే కుర్రతనంలో కడుపు నింపుకోవడానికి కొన్నాళ్ళు మీడియం, అంటే ఆత్మలతో మాట్లాడిస్తానని చెప్పుకునేవాడి వేషం కట్టాడు. పాము కాళ్ళు పాముకే తెలుసు అంటారే, అది ఇక్కడ రెండు విధాలా నిజం, ఎందుకంటే ఈ కథంతా కాళ్ళ గురించే.

సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆ రోజుల్లో ఒక పందెం ప్రకటించింది. కమిటీ ముందు కంటికి కనబడేలా ఆత్మల మహిమ చూపించినవాళ్ళకి 2,500 డాలర్లు. కమిటీలో ఐదుగురు, హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మక్‌డూగల్, భౌతిక శాస్త్రం నుంచి డేనియల్ కామ్‌స్టాక్ లాంటి పెద్దవాళ్ళు, వాళ్ళ పక్కన హూడినీ. పందెంలో చివరిదాకా నిలిచింది బోస్టన్‌లో ఒక సర్జన్ భార్య మీనా క్రాండన్. పత్రికల్లో ఆవిడ పేరు మార్జరీ. రైలు ప్రమాదంలో పోయిన ఆవిడ అన్న వాల్టర్ చీకట్లో మాట్లాడతాడు, ఈల వేస్తాడు, గంట మోగిస్తాడు. హూడినీని పిలిచేనాటికి మిగతావాళ్ళలో కొందరు ఆ ఇంట్లో చాలాసార్లు కూర్చుని, డాక్టరుగారి ఇంటి భోజనం కూడా చేసి, దాదాపు మెత్తబడిపోయి ఉన్నారు.

ఆ గంట ఒక చెక్కపెట్టెలో ఉంటుంది. లోపల బ్యాటరీ, పైన మూత. మూత నొక్కితే సర్క్యూట్ పూర్తయి గంట మోగుతుంది, అంతే. 1924 జులై 23 రాత్రి ఆ పెట్టెని హూడినీ రెండు కాళ్ళ మధ్య నేల మీద పెట్టారు. ఆయన ఆవిడకి ఎడమపక్క కూర్చున్నాడు, ఆవిడ ఎడమచెయ్యి ఆయన చేతిలో, ఆవిడ ఎడమకాలు ఆయన కుడికాలికి ఆనుకుని. కుడిపక్కన భర్త. దీపాలు ఆర్పేశారు.

ఇక్కడ కథ ఆపి చర్మం గురించి చెప్పాలి. బళ్ళో పంచేంద్రియాల పాఠంలో కంటికి బొమ్మతో సహా నాలుగు పేజీలిచ్చి, చర్మానికి "స్పర్శ తెలుస్తుంది" అని ఒక్క వాక్యం పడేస్తారు, నాకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది. స్పర్శ అన్నిచోట్లా ఒకటి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వృత్తలేఖిని రెండు మొనల్నీ ఒంటి మీద చోటు చోటునా ఆనించి, ఎంత దూరంలో పెడితే రెండుగా తెలుస్తున్నాయో కొలిచాడు. వేలికొస మీద రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. కాలిపిక్క మీద ఇంచుమించు నాలుగు సెంటీమీటర్లు కావాలి. నమ్మకపోతే చేసి చూడండి. నేను అక్కడికక్కడే మా మేనకోడల్ని కళ్ళు మూసుకోమని, రెండు పెన్నుల వెనకభాగాలు మూడు సెంటీమీటర్ల ఎడంలో పిక్క మీద ఆనిస్తే "ఒకటే" అంది. రెండు అగ్గిపుల్లలు వేలికొస మీద పెడితే వెంటనే "రెండు".

అంటే చీకట్లో మీ కాలికి ఏదో ఆనుకుని ఉందంటే అది మడమా, మోకాలి కిందిభాగమా, ఖాళీ చెప్పా అన్నది మీ కాలు చెప్పలేదు. పైగా చర్మంలోని నాడీ తంతువుల్లో చాలా భాగం మార్పు జరిగినప్పుడే గట్టిగా సంకేతం పంపి, ఒత్తిడి అలాగే నిలిచి ఉంటే నెమ్మదిస్తాయి. చర్మంలో ఒత్తిడిని పసిగట్టే మెర్కెల్ కణాలకి అంటుకున్న నాడులు ఇంకాస్త సేపు చెబుతూనే ఉంటాయి కానీ, వాటి జోరూ తగ్గుతుంది, మెదడూ పట్టించుకోవడం మానేస్తుంది. చేతికి వాచీ ఉందని ఇది చదివేదాకా మీకు గుర్తులేదు, అవునా? కాబట్టి ఆనించిన కాలిని మెల్లమెల్లగా, మధ్యమధ్య దగ్గుతూ, కుర్చీలో సర్దుకుంటూ జరిపితే పక్కవాడు "పట్టుకునే ఉన్నాను" అని ప్రమాణం చేసి మరీ చెబుతాడు. అబద్ధం కాదు, అతని చర్మం అతనికి చెప్పింది అంతే. నేపుల్స్ నుంచి వచ్చిన పల్లాడినో అనే పాత మీడియం దీంట్లో ఉద్దండురాలు. 1909లో న్యూయార్క్‌లో చీకట్లో నేల మీద పాకుతూ వచ్చిన ఒకతను ఆవిడ మడమ పట్టేసుకుంటే, పాదానికి చెప్పు లేదు. చెప్పేమో పక్కవాళ్ళ కాలికి ఆనుకుని బుద్ధిగా కూర్చుని ఉంది!

ఇదంతా హూడినీకి పుస్తకాల్లోంచి కాదు, పనిలోంచి తెలుసు. అందుకే ఆ రోజు పొద్దుటినుంచీ మోకాలి కింద బిగుతుగా రబ్బరు పట్టీ చుట్టుకుని తిరిగాడు. సాయంత్రానికి పిక్క వాచి, చెయ్యి తగిలితే చాలు నొప్పి పుట్టేలా తయారైంది. నాకు అర్థమైనంతలో రక్తం వెనక్కి పోక ఆగి, వాపెక్కి, ఆ వాపులో చేరే ప్రోస్టాగ్లాండిన్ లాంటి రసాయనాలు నొప్పి నాడుల మీట తేలిక చేసి ఉంటాయి. సెగ్గడ్డ లేచినచోట చొక్కా గుడ్డ తగిలినా ప్రాణం లేచొస్తుంది చూడండి, అలాగ. పిక్కకి ఉన్న మొద్దుతనాన్ని ఆయన నొప్పితో దిద్దుకున్నాడన్నమాట. కొత్త పరికరం కొనలేదు, ఉన్నదాన్నే వాచబెట్టాడు.

గదిలో చీకటి పడగానే ప్యాంటు మెల్లగా పైకి లాక్కున్నాడు. ఆవిడ పట్టు మేజోడు నేరుగా ఆయన చర్మానికి తగులుతోంది. ఆవిడ మడమ కొంచెం కొంచెంగా, ఆగి ఆగి జరుగుతూ, పెట్టెవైపు పోవడం ప్రతి అంగుళం తెలిసిందని తర్వాత రాశాడు. మధ్యలో ఆయన మేజోడు పట్టీకున్న బకిల్ ఆవిడ మేజోడుకి తగులుకుని కాలు ముందుకి సాగకపోతే, బకిల్ నొప్పెడుతోందని ఆవిడే అడిగి విప్పించుకుంది. దయ్యం గంట మోగించాల్సిన చోట మనిషికి బకిల్ అడ్డం. గంట మోగిన ప్రతిసారీ ఆ కాలు కదిలింది, ఆగిన ప్రతిసారీ వెనక్కి వచ్చింది.

అదే రాత్రి ఇంకోటి కూడా జరిగింది, మెగాఫోన్ గాల్లో ఎగిరింది. ఎటు విసరమంటావని వాల్టర్ అడిగాడు, నావైపే అన్నాడు హూడినీ, వచ్చి ఆయన ముందే పడింది. ఆవిడ చేతులూ కాళ్ళూ అప్పుడు నిజంగానే పట్టులో ఉన్నాయి, కానీ అంతకుముందు చెయ్యి ఖాళీ అయిన క్షణంలో దాన్ని టోపీలా నెత్తిన పెట్టేసుకుందని, తల విదిలించి విసిరిందని ఆయన లెక్క. తాను చూసినవాటిలో ఇంత నున్నటి మోసం లేదని మెచ్చుకున్నాడు కూడా. తలని ఎవరూ పట్టుకోరు కదా!

ఆ నెల తర్వాతి కథ అంత శుభ్రంగా లేదు. ఆగస్టులో ఆవిడని ఒక చెక్క పెట్టెలో కూర్చోబెట్టారు, అందులో మడత స్కేలు ఒకటి దొరికింది, నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావని రెండు పక్కలా తిట్టుకున్నారు. హూడినీయే పెట్టించాడన్నవాళ్ళూ ఉన్నారు, అది ఈనాటికీ తేలలేదు. ఆయన నోటి దురుసు, ప్రచారం పిచ్చి నాకేం ఆదర్శం కాదు. మన దగ్గర జనవిజ్ఞాన వేదిక వాళ్ళు బళ్ళలో నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇదిగో ఇలా చేస్తారని పిల్లలకి చూపించే పద్ధతే నాకు ఇష్టం. పిల్లలు అదే రోజు ఇంటికెళ్ళి అమ్మని కర్పూరం అడుగుతారు, అది వేరే గొడవ.

1925 ఫిబ్రవరిలో పత్రిక బహుమతి ఇవ్వం పొమ్మంది. మార్జరీ మాత్రం ఆపలేదు. 1926 అక్టోబర్ 31న హూడినీ చనిపోయాడు, అపెండిక్స్ పగిలి. ఆ ఏడాదే వాల్టర్ కొత్త మహిమ మొదలుపెట్టాడు, పళ్ళ డాక్టర్లు వాడే మైనం వేడినీళ్ళలో మెత్తబరిచి పెడితే చీకట్లో వచ్చి తన బొటనవేలి ముద్ర వేసి పోతాడు. కాలు దాచుకోవచ్చు గానీ వేలిముద్ర గీతలు దాచుకోలేం కదా, ఇక ఇంతకన్నా రుజువేం కావాలని భక్తులు సంబరపడ్డారు. ఆ భక్తుల్లోనే డడ్లీ అనే ఓపికమంతుడొకడు, ఆ ఇంటికి వచ్చిపోయే వాళ్ళందరి వేలిముద్రలూ పోగేసి పోల్చుకుంటూ కూర్చున్నాడు. 1932లో ముద్ర కలిసింది. మార్జరీకి మైనం ఎలా వాడాలో చూపిస్తూ, నమూనాకి తన వేలు నొక్కి ఇచ్చిన ఆవిడ పళ్ళ డాక్టరుది. ఆయన అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్నాడు.