గుర్రప్పందెం డబ్బు నుంచి రిటర్న్‌లో ఒక గడి దాకా: కాలిఫోర్నియా వ్యవసాయ ఫెయిర్ల నిధుల పోరు

కాలిఫోర్నియాలో ఫెయిర్ (పంటలు, పశువుల ప్రదర్శనతో సాగే జాతర) మైదానంలో దుకాణం పెట్టినవాళ్లు అమ్మకపు పన్ను రిటర్న్ నింపేటప్పుడు ఒక గడిని విడిగా నింపాలి. రాష్ట్రం గుర్తించిన ఫెయిర్ మైదానాల్లో తాము అమ్మిన సరుకు విలువ ఎంతో అందులో వేయాలి. దానివల్ల వ్యాపారి మీద ఒక్క సెంటు కూడా అదనంగా పడదు. కట్టే పన్ను అంతే, కొనేవాడు ఇచ్చే ధరా అంతే. కానీ ఆ అంకెలో 0.75 శాతానికి సమానమైన మొత్తం రాష్ట్ర ఖజానాలోంచి ఫెయిర్ల నిధికి మళ్లుతుంది. గడి ఖాళీగా వదిలేస్తే పన్ను మొత్తం మామూలుగా ఖజానాలో కలిసిపోతుంది, ఫెయిర్లకు ఏమీ రాదు. 10,000 డాలర్ల కార్న్ డాగ్‌లు (మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్‌లు) అమ్మిన కొట్టు నుంచి ఫెయిర్ల నిధికి వచ్చేది 75 డాలర్లు. ఈ చిన్న గడిని చట్టంలో పెట్టించుకోవడానికి ఫెయిర్లు ఎందుకు అంత పాటుపడ్డాయో తెలియాలంటే 1933 దాకా, ఆ మాటకొస్తే 1854 దాకా వెనక్కి వెళ్లాలి.

కాలిఫోర్నియా రాష్ట్ర వ్యవసాయ సొసైటీ 1854లో ఏర్పడింది. మొదటి స్టేట్ ఫెయిర్ ఆ ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది. బంగారం వేటకు వచ్చిన జనం గోధుమ, పళ్లతోటలు, పశువుల వైపు మళ్లుతున్న కాలమది. ఏ రకం విత్తనం ఏ నేలలో పండుతుందో, ఎవరి ఎద్దు మేలుజాతిదో పది మందికీ చూపించే చోటు కావాలి. తర్వాత కొన్నేళ్లపాటు ఆ ఫెయిర్ ఊరూరా తిరిగి, చివరకు శాక్రమెంటోలో స్థిరపడింది. 1880లో శాసనసభ రాష్ట్రాన్ని వ్యవసాయ జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు ఒక వ్యవసాయ సంఘం ఏర్పడేలా చట్టం చేసింది. తర్వాతి గొడవలన్నిటికీ మూలం ఈ చట్టంలోనే ఉంది.

ఎందుకంటే ఈ జిల్లా వ్యవసాయ సంఘం పేరుకే సంఘం. అసలుకు అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. మన నాంపల్లి నుమాయిష్‌ను నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ లాంటిది కాదు. తొమ్మిది మంది డైరెక్టర్ల బోర్డును గవర్నర్ నియమిస్తాడు, పదవీకాలం నాలుగేళ్లు. సమావేశాలకు రాష్ట్ర సంస్థలకు వర్తించే బహిరంగ సమావేశాల చట్టమే వర్తిస్తుంది. పర్మనెంటు సిబ్బంది రాష్ట్ర ఉద్యోగులు. ఫెయిర్ రోజుల్లో గేటు దగ్గర, పార్కింగ్‌లో, పశువుల కొట్టాల్లో పనిచేసే తాత్కాలిక సిబ్బందిని ‘119 రోజుల ఉద్యోగులు’ అంటారు, ఏడాదిలో అన్ని రోజులకు మించి పనిచేయించకూడదు కాబట్టి. ఇలాంటి సంఘాలు 50కి పైగా ఉన్నాయి. వీటికి తోడు కౌంటీలు (మన జిల్లాల్లాంటి పాలనా విభాగాలు) గానీ లాభాపేక్ష లేని సంస్థలు గానీ నడిపే కౌంటీ ఫెయిర్లు 20కి పైగా ఉన్నాయి. ఇంకా రెండు నిమ్మజాతి పళ్ల ఫెయిర్లు, స్టేట్ ఫెయిర్. ఇవన్నీ కలిపి ఒక వ్యవస్థ. పైన రాష్ట్ర ఆహార, వ్యవసాయ శాఖ పర్యవేక్షణ.

ఇక డబ్బు సంగతి. 1909లో కాలిఫోర్నియా గుర్రప్పందేల మీద బెట్టింగును నిషేధించింది. 1933 నాటికి ఆర్థిక మాంద్యం ముదిరి, ఖజానా వట్టిపోయింది. ఆ ఏడాది ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు, శాసనసభ గుర్రప్పందేల చట్టం చేసింది, నియంత్రణకు ఒక బోర్డు వచ్చింది. బెట్టింగు మీద లైసెన్సు ఫీజు పెట్టి, అందులో వాటా ఫెయిర్లకు ఇవ్వాలన్నది అప్పటి ఒప్పందం. గ్రామీణ ప్రాంతాల శాసనసభ్యులకు జూదం నచ్చకపోయినా తమ కౌంటీ ఫెయిర్‌కు డబ్బు వస్తుందంటే కాదనలేరు. జూదానికి మద్దతు కూడగట్టడంలో వ్యవసాయం పేరు అలా పనికొచ్చింది. 1934 క్రిస్మస్ రోజున సాంటా అనీటా రేస్‌ట్రాక్ తెరుచుకుంది. 1937లో డెల్ మార్ మొదలైంది. ఈ డెల్ మార్ రేస్‌ట్రాక్ ఉన్నది 22వ జిల్లా వ్యవసాయ సంఘం స్థలంలోనే.

ఆ ఏర్పాటు ఏడు దశాబ్దాలకు పైగా నడిచింది. మధ్యలో ఒక చీకటి అధ్యాయం ఉంది: 1942లో జపనీస్ అమెరికన్లను ఇళ్లలోంచి పంపించేసినప్పుడు ఫ్రెస్నో, మెర్సెడ్, స్టాక్టన్, టర్లాక్, తులారే, పొమోనా ఫెయిర్ మైదానాలను తాత్కాలిక నిర్బంధ శిబిరాలుగా వాడారు. ప్రభుత్వ స్థలం, కంచె, నీళ్లు, మరుగుదొడ్లు, పెద్ద షెడ్లు అన్నీ ముందే ఉండటం అప్పుడు అలా ఉపయోగపడింది.

గుర్రప్పందేల ఆదాయం తగ్గడానికి కారణాలు ఫెయిర్ల చేతిలో లేవు. 1980లలో రాష్ట్ర లాటరీ వచ్చింది, ఆ తర్వాత ఆదివాసీ తెగల కాసినోలు, ఇంటర్నెట్ బెట్టింగ్. 1980లలోనే ఫెయిర్ మైదానాల్లో శాటిలైట్ బెట్టింగుకు, అంటే వేరే ఊళ్లో జరిగే పందేన్ని టీవీలో చూసి కాయడానికి, అనుమతి తెచ్చుకున్నారు. దానితో కొంతకాలం నెట్టుకొచ్చారు. 2009 ఫిబ్రవరిలో ప్రత్యేక సమావేశాల్లో ఎస్‌బీ 16 బిల్లు నెగ్గింది (ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు, ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు). రేసింగ్ పరిశ్రమను ఆ లైసెన్సు ఫీజు నుంచి తప్పించారు. బదులుగా ఫెయిర్లకు ఏటా 3.2 కోట్ల డాలర్లు జనరల్ ఫండ్ నుంచి, అంటే రాష్ట్ర సాధారణ ఖజానా నుంచి, ఇస్తామన్నారు.

కాగితం మీద చూస్తే ఇది ఫెయిర్లకు మేలే: పడిపోతున్న ఆదాయం పోయి, స్థిరమైన అంకె వచ్చింది. చట్టసభల దగ్గర పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం ఇందులో ప్రమాదం వెంటనే కనిపిస్తుంది. పేరున్న ఫీజు నుంచి వచ్చే డబ్బును తీసేయాలంటే ఎవరో ఒకరు ఆ ఫీజు చట్టాన్ని ముట్టుకోవాలి. జనరల్ ఫండ్ నుంచి వచ్చే డబ్బును తీసేయడానికి బడ్జెట్‌లో ఒక వరుస కొట్టేస్తే చాలు. పైగా బడులు, ఆసుపత్రులు, జైళ్లతో ఒకే వరుసలో నిలబడి అడగాల్సి వస్తుంది. 2011 జనవరిలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ దాదాపు 2,500 కోట్ల డాలర్ల లోటుతో బడ్జెట్ పెట్టాడు. ఆ ఏడాదే 3.2 కోట్లూ పోయాయి. ఇచ్చిన హామీ రెండేళ్లకు మించి నిలవలేదు. అటు రేసింగ్ ఫీజు అప్పటికే పోయింది, తిరిగి రాదు.

దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. డెల్ మార్ లాంటి చోట్ల ఏడాది పొడుగునా ప్రదర్శనలు, అద్దెలు ఉంటాయి, రాష్ట్రం ఇచ్చేది వాళ్ల లెక్కల్లో చిన్న భాగం. కొండల్లో, లోయల్లో ఉన్న చిన్న కౌంటీల ఫెయిర్లకు అదే ప్రధాన ఆధారం. ఉద్యోగాలు తగ్గించారు, మరమ్మతులు వాయిదా వేశారు. కారే కప్పును ఒక ఏడాది వదిలేస్తే మరుసటి ఏడాది దూలం మార్చాలి, ఆపై వైరింగ్. తర్వాత భవనాన్ని అద్దెకివ్వడానికే అనుమతి దొరకదు, ఉన్న ఆదాయమూ పోతుంది. పెద్ద ఫెయిర్లు కోరేది కాంట్రాక్టుల్లో, నియామకాల్లో స్వేచ్ఛ. చిన్నవి కోరేది డబ్బు. రెంటినీ శాసనసభకు రాసే ఒకే ఉత్తరంలో ఇమడ్చడం ఈ రంగంలో లాబీయింగ్ చేసేవాళ్లకు, అంటే శాసనసభ్యులను ఒప్పించేవాళ్లకు, అన్నిటికన్నా కష్టమైన పని.

మరి ఆ పని చేసేది ఎవరు? గవర్నర్ నియమించిన డైరెక్టర్లు గవర్నర్ బడ్జెట్‌ను బాహాటంగా వ్యతిరేకించడం ఇబ్బందే. 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రభుత్వ సొమ్ముతో ఎన్నికల ప్రచారం చేయడం కూడా కుదరదు. అందుకే 1922 నుంచి ఉన్న వెస్టర్న్ ఫెయిర్స్ అసోసియేషన్, శాసనసభ వ్యవహారాల కోసం పెట్టుకున్న కాలిఫోర్నియా ఫెయిర్స్ అలయన్స్ ముందుంటాయి.

వాళ్ల ఏడాది శాసనసభ క్యాలెండరును బట్టి సాగుతుంది. జనవరి 10లోగా గవర్నర్ బడ్జెట్, ఫిబ్రవరిలో బిల్లులు ప్రవేశపెట్టే గడువు, మే మధ్యలో సవరించిన బడ్జెట్, జూన్ 15లోగా ఆమోదం. బిల్లు అచ్చయిన 30 రోజుల దాకా కమిటీ దాన్ని చేపట్టదు. మద్దతు ఉత్తరాలు విచారణకు సుమారు వారం ముందే ఆన్‌లైన్ పోర్టల్‌లో చేరాలి. ఆలస్యమైతే కమిటీ సిబ్బంది రాసే విశ్లేషణలో మీ పేరు ఉండదు, సభ్యులు చదివేదేమో ఆ విశ్లేషణే. విచారణలో మామూలుగా ఒక్కో పక్షానికి ఇద్దరు ప్రధాన సాక్షులు, తలా రెండు నిమిషాలు. మిగతావాళ్లు మైకు దగ్గరికి వచ్చి పేరు, సంస్థ, వైఖరి మాత్రమే చెప్పి వెళ్లాలి. పశువులను పెంచే పిల్లలను తీసుకొచ్చి కూర్చోబెడితే ఫొటో బాగానే వస్తుంది, కానీ బిల్లు ఆగేది అక్కడ కాదు. అసలు గండం ఖర్చులను తేల్చే అప్రోప్రియేషన్స్ కమిటీలోని సస్పెన్స్ ఫైల్. శాసనసభకు రెండు సభలు: అసెంబ్లీ, సెనేట్. ఖర్చు అసెంబ్లీలో 1,50,000 డాలర్లు, సెనేట్‌లో 50,000 డాలర్లు దాటితే బిల్లు ఆ దొంతరలోకి పోతుంది. ఒకే రోజు వందల బిల్లులను చర్చ లేకుండా గబగబా చదివి పంపేస్తారు, లేదా ఆపేస్తారు. చాలా బిల్లులు ఏ కారణమూ బయటికి రాకుండా అక్కడే ఆగిపోతాయి.

2017లో మెర్సెడ్ ప్రాంత అసెంబ్లీ సభ్యుడు ఆడమ్ గ్రే తెచ్చిన ఏబీ 1499 ఈ గండాలన్నీ దాటింది. దాని ఎత్తుగడ తెలివైనది. కొత్త పన్ను వేయలేదు కాబట్టి పన్ను పెంపుకు కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీతో పనిలేదు. ఫెయిర్ మైదానంలో పుట్టిన పన్నులో ఒక ముక్కను ఫెయిర్లకే తిరిగివ్వమంది. ‘మాకు గ్రాంటు ఇవ్వండి’ అని కాకుండా ‘మా మైదానంలో వచ్చినదానిలో కొంత మాకు వదలండి’ అన్నది వాదన. కార్మిక సంఘాల వైపు నుంచి అడ్డు రాకుండా, నిధులు తీసుకునే ఫెయిర్లు సిబ్బందికి భోజన విరామం, ఓవర్‌టైమ్ పాటించాలన్న షరతులూ చేరాయి. అదే బ్రౌన్ గవర్నరుగా సంతకం పెట్టాడు. 2018 జులై 1 నుంచి అమలు.

లెక్క వేసి చూస్తే పోయిందంతా తిరిగి రాలేదని తెలుస్తుంది. 0.75 శాతం మీద 3.2 కోట్ల డాలర్లు రావాలంటే మైదానాల్లో ఏటా సుమారు 427 కోట్ల డాలర్ల సరుకు అమ్ముడుపోవాలి. ఉన్నదాన్నయినా నిలబెట్టుకోవడం ఇప్పుడు ఫెయిర్ ఆఫీసుల రోజువారీ పని. ఆ గడి సంగతి దుకాణాల కాంట్రాక్టులోనే రాస్తారు, స్టాలు కేటాయించేటప్పుడు మళ్లీ గుర్తుచేస్తారు. ఎక్కువగా జరిగే పొరపాటు ఏంటంటే, ఫెయిర్ జరిగే పది పదిహేను రోజులకే ఇది వర్తిస్తుందని వ్యాపారులు అనుకోవడం. నిజానికి ఏడాదిలో ఎప్పుడైనా సరే, ఆ స్థలంలో వారాంతపు సంత అయినా, కార్ల అమ్మకం అయినా లెక్కకొస్తుంది. ఊరూరా తిరిగే వ్యాపారులు నాలుగు ఫెయిర్ల అమ్మకాలనూ తమ సొంత దుకాణం లెక్కలో కలిపేయడం ఇంకో పొరపాటు.

2020లో ఈ పద్ధతిలోని బలహీనత బయటపడింది. కోవిడ్‌తో ఫెయిర్లు రద్దయ్యాయి, అమ్మకాలు లేవు, కాబట్టి వాటా కూడా లేదు. ఇంకో చిక్కు: రాష్ట్ర ఉద్యోగులను తీసేయాలన్నా పద్ధతి ఉంది, నోటీసు కాలానికి జీతం, మిగిలిన సెలవులకు డబ్బు ఇవ్వాలి. మనుషులను తీసేయడానికి కూడా చాలా ఫెయిర్ల దగ్గర డబ్బు లేదు. ఆ చట్టబద్ధమైన ఖర్చు కోసమే రాష్ట్రం 4.03 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది.

ఈ మైదానాలు రాష్ట్ర ఆస్తి అయినందుకు ప్రభుత్వం ఇచ్చినట్టే తీసుకోగలదు కూడా. 2009లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ప్రభుత్వం కోస్టా మెసాలోని ఆరెంజ్ కౌంటీ ఫెయిర్ మైదానాన్ని అమ్మకానికి పెట్టింది. అది పాత సైనిక వైమానిక స్థావరంలో సుమారు 150 ఎకరాలు. స్థానికులు కోర్టుకెక్కారు, అప్పీలు కోర్టు అడ్డుకుంది, బ్రౌన్ ప్రభుత్వం 2012లో అమ్మకాన్ని వదిలేసింది. మైదానాలను అద్దెకు తీసుకుని పెట్టే తుపాకుల ప్రదర్శనల విషయం వేరు. 2019 నాటి ఏబీ 893 డెల్ మార్‌లో తుపాకుల అమ్మకాన్ని ఆపింది. 2022 నాటి ఎస్‌బీ 915 రాష్ట్ర ఆస్తులన్నిటికీ దాన్ని విస్తరించింది. 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ చట్టాలను సమర్థించింది. అద్దె పోయిన ఫెయిర్లకు దాని బదులు రాబడి వెతుక్కోవడమే మిగిలింది.

ఈ మధ్య ఫెయిర్ల ప్రతినిధులు శాక్రమెంటోలో పశువుల గురించి మాట్లాడేదానికన్నా కార్చిచ్చుల లాంటి విపత్తుల గురించి ఎక్కువ మాట్లాడుతున్నారు. 2017 ఫిబ్రవరిలో ఓరోవిల్ డ్యామ్ నీళ్లు ముంచెత్తుతాయన్న భయంతో సుమారు 1,88,000 మంది ఇళ్లు వదిలినప్పుడు చీకోలోని సిల్వర్ డాలర్ ఫెయిర్ మైదానం వాళ్లకు ఆశ్రయమిచ్చింది. 2018 నవంబరులో ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు అగ్నిమాపక దళాలు మకాం వేసిందీ అక్కడే. మనుషులతోపాటు గుర్రాలను, మేకలను కూడా తెచ్చుకుని దిగగలిగే స్థలం కౌంటీలో మరొకటి ఉండదు. అందుకే 2018 జూన్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 68 బాండ్లలో (ఓటర్ల అనుమతితో రాష్ట్రం తీసుకునే అప్పులో) ఫెయిర్ మైదానాలకు 1.8 కోట్ల డాలర్లు దక్కాయి. బాండ్ల డబ్బుతో కప్పు మార్చవచ్చు, జనరేటర్ పెట్టవచ్చు. గేటు దగ్గర టికెట్లు చింపే మనిషికి జీతం ఇవ్వడానికి మాత్రం అది పనికిరాదు. ఆ జీతం గేటు రాబడిలోంచో అద్దెల్లోంచో రావాలి, లేదా ఆ గడిలో వ్యాపారి వేసిన అంకెలోంచి.