సంస్థల మధ్య ఫైళ్లు పంపడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

కంపెనీ నుంచి బ్యాంకుకు జీతాల ఫైలు, సరఫరాదారుకు ఆర్డర్ల ఫైలు భద్రంగా చేరేలా ఏర్పాట్లు చేయడం నా పని. కొత్త సంస్థతో కూర్చున్న ప్రతిసారీ ఈ మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది.

అపోహ: జిప్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి మెయిల్ చేస్తే చాలు.

పాత జిప్ ఎన్‌క్రిప్షన్‌ను (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి ఫైలును మార్చే పద్ధతిని) ఎలా ఛేదించవచ్చో 1994లోనే పరిశోధకులు చూపించారు. దానికంటే బలమైన ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ వాడినా, మామూలు జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. పైగా ఆ పాస్‌వర్డ్ కూడా వెనకాలే ఇంకో మెయిల్‌లో వెళ్తుంది. మెయిల్‌బాక్స్ ఎవరికైనా చిక్కిందంటే తాళం, తాళంచెవి రెండూ వాళ్ల చేతిలో పెట్టినట్టే.

అపోహ: ఎఫ్‌టీపీఎస్, ఎస్‌ఎఫ్‌టీపీ రెండూ ఒకటే.

కాదు. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీకి, వెబ్‌సైట్లను కాపాడే టీఎల్‌ఎస్ రక్షణ జోడిస్తే ఎఫ్‌టీపీఎస్. ఎస్‌ఎఫ్‌టీపీ మాత్రం ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌తో భద్రంగా మాట్లాడే పద్ధతి) మీద నడిచే వేరే ప్రొటోకాల్. దీనికి సాధారణంగా 22వ పోర్టు (నెట్‌వర్క్‌లోకి వెళ్లే ద్వారం) ఒక్కటి తెరిస్తే సరిపోతుంది కాబట్టి నా ఓటు దీనికే.

అపోహ: ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టాం, ఇక టెన్షన్ లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మాటే. ఎస్‌ఎఫ్‌టీపీ కాపాడేది దారిని మాత్రమే. ఫైలు అవతలి సర్వర్‌లో దిగాక దాని రక్షణ వేరే సంగతి. 2023 మే నెలలో మూవిట్ ట్రాన్స్‌ఫర్‌లో జరిగింది అదే. ఫైళ్లు భద్రంగా పంపడానికే తయారైన ఆ సాఫ్ట్‌వేర్‌లోని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపనిచ్చే లోపం) గుండా క్లాప్ అనే సైబర్ నేరగాళ్ల ముఠా లోపలికి దూరింది. మూవిట్ వాడుతున్న, బ్రిటన్‌లో జీతాల సేవలందించే జెల్లిస్ ద్వారా బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలు కూడా పోయాయి. అందుకే పంపే ముందే ఫైలును పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో, అవతలివాళ్లు అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేయమంటాను. దాన్ని విప్పే, వాళ్ల దగ్గరే ఉండే ప్రైవేట్ కీ ఆ సర్వర్‌లో కాకుండా వేరేచోట ఉంటే, దొంగ చేతికి దొరికేది అర్థంకాని అక్షరాలే. ఫైలు తీసుకున్నాక సర్వర్ నుంచి ఎన్ని రోజుల్లో తీసేయాలో కూడా ఒప్పందంలో రాయించండి.

అవతల ఉన్నది నిజంగా వాళ్లేనా అన్నది ఇంకో ప్రశ్న. ఒకసారి జీతాల రోజు తెల్లవారుజామున హోస్ట్ కీ (అవతలి సర్వర్ గుర్తింపు చూపే కీ) మారిందన్న హెచ్చరిక వచ్చి ఫైలు ఆగిపోయింది. మా కుర్రాడు కంగారులో 'యస్' కొట్టబోతుంటే ఆపాను. ఒప్పందంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, కొత్త కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే చిన్న అక్షరాల వరుస) చదివించుకుని, అక్షరం అక్షరం సరిచూశాం. వాళ్లు సర్వర్ మార్చారు, మాకు చెప్పడం మరిచారు, అంతే. గంట ఆలస్యమైంది. అయినా మళ్లీ అలాగే చేస్తాను.

అపోహ: అప్‌లోడ్ అయిందంటే అందినట్టే.

ఎస్‌ఎఫ్‌టీపీ చెప్పేది ఫైలు సర్వర్‌లో పడిందని మాత్రమే. సరఫరాదారులతో రేపు "మాకు రాలేదు" అనే పేచీ వచ్చే అవకాశం ఉంటే ఏఎస్2 అనే ఫైళ్లు పంపే పద్ధతి అడగండి. అందులో అవతలివాళ్లు డిజిటల్ సంతకంతో రసీదు పంపే ఏర్పాటు ఉంది. బ్యాంకుల విషయంలో నేను ఎస్‌ఎఫ్‌టీపీ, పీజీపీ కలిపి వాడతాను. బ్యాంకు నుంచి తిరుగు ఫైలు వచ్చి, మొత్తం సొమ్ము, ఉద్యోగుల సంఖ్య మా లెక్కతో సరిపోయేదాకా ఆ పని పూర్తయినట్టు రాయను.