ఇల్లు పగలగొట్టే మట్టి, పునాదికి కాపలా కాసే మట్టి

ఒంగోలు చుట్టుపక్కల శనగ, పొగాకు పండే నల్లరేగడి చేలల్లో మే నెలలో నడిస్తే కాలు నెర్రెల్లో దిగబడుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు అదే నేల ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుంటాయి. ఆ నేల మీద మూడడుగుల పునాదితో కట్టిన ఇల్లు కూడా ఏటా లేస్తూ, దిగుతూ ఉంటుంది. అన్ని మూలలూ సమానంగా లేస్తే ఇబ్బంది ఉండదు. కానీ స్నానాల నీళ్లు పారే వైపు ఎక్కువ, ఎండ కాసే వైపు తక్కువ లేస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట పడేది అందుకే.

ఈ మట్టిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుంది. అది పుస్తకంలో కాగితాల్లా పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్లు పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి, ఎండితే మళ్లీ దగ్గరపడతాయి. నేల 3.5 మీటర్ల లోతు దాటాక సాధారణంగా ఈ ఉబ్బడం, కుంగడం పెద్దగా ఉండదు. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అండర్ రీమ్డ్ పైల్స్‌ను అభివృద్ధి చేసింది. ఇవి అడుగున గడ్డలా ఉబ్బి ఉండే కాంక్రీటు స్తంభాలు. గడ్డ వెడల్పు స్తంభానికి దాదాపు రెండున్నర రెట్లు. పై మట్టి ఎంత ఎత్తాలని చూసినా, కింద కదలని నేలలో ఆ గడ్డ పట్టి ఉంచుతుంది.

ఇక నెల్లూరు దాటి కృష్ణపట్నం వైపు వెళ్తే కష్టం ఇంకో రకం. అక్కడ ఇసుక, కొద్ది లోతులోనే నీళ్లు. తీరంలో దొరువు తవ్వినవాళ్లకు తెలుసు, తోడేకొద్దీ అంచులు జారి పూడుతూనే ఉంటాయి. భారీ కట్టడాలకు ఇలాంటి నేలలో చాలా లోతుకు పైల్స్ దింపాలి. గుంజను పీకాలంటే చుట్టూ ఉన్న మట్టి ఎలా పట్టుకుంటుందో, పైల్‌నీ దాని ఒంటి చుట్టూ ఉన్న నేల అలాగే పట్టుకుంటుంది. మిగతా బరువు అడుగున గట్టి నేల మోస్తుంది.

ఈ పైల్స్‌ను నేలలో గుంత తవ్వి, అందులోనే కాంక్రీటు పోసి తయారుచేస్తారు. మరి ఇసుకలో అంత లోతు గుంత కూలకుండా ఎలా నిలుస్తుంది? నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. గుంత నిండా బెంటోనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు నింపుతారు. బెంటోనైట్‌లో ఎక్కువ భాగం మళ్లీ ఆ మాంట్‌మొరిల్లోనైటే! ఒంగోలులో గోడలు చీల్చిన గుణమే ఇక్కడ పనికొస్తుంది. ఉబ్బిన రేణువులు ఇసుక సందుల్లోకి ఇంకి, గుంత గోడకు పలుచని పూతలా అంటుకుంటాయి. మామూలు నీళ్లకంటే బరువైన ఆ ద్రవం లోపలి నుంచి పూతను నొక్కి పట్టి ఉంచుతుంది.

తర్వాత ఇనుప కడ్డీలతో అల్లిన కేజ్ దించి, కాంక్రీటును నేరుగా అడుగుకు చేర్చే ట్రెమీ అనే పొడవాటి పైపును గుంత అడుగు దాకా వేసి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు కింది నుంచి నిండుతూ బెంటోనైట్‌ను పైకి నెడుతుంది. పైపు కొస ఎప్పుడూ కాంక్రీటులో మునిగే ఉండాలి, బయటికొస్తే పైల్ మధ్యలో మట్టి చేరుతుంది. పోయడానికి ముందు అడుగున పేరుకున్న మడ్డిని కడగడం కూడా అంతే ముఖ్యం. తొందరలో ఈ పని వదిలేస్తే పైల్ గట్టి నేల మీద కాకుండా బురద మీద కూర్చుంటుంది. పైనుంచి చూస్తే ఆ తేడా ఎవరికీ కనిపించదు. నా దృష్టిలో సైటు ఇంజనీరు దగ్గరుండి చూడాల్సిన ఘడియ అదే.

చివర్లో పైకి తేలిన కాంక్రీటులో బెంటోనైట్ కలిసి ఉంటుంది. అందుకే పైల్‌ను కావలసిన ఎత్తుకంటే కాస్త ఎక్కువే పోసి, గట్టిపడ్డాక శుభ్రమైన కాంక్రీటు బయటపడేదాకా తల భాగాన్ని పగలగొట్టి తీసేస్తారు.