అంగస్తంభన తగ్గిందా? ముందు బీపీ, షుగర్ చూపించుకోండి

పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, బరంపురం. ఒడిశా సరిహద్దులోని మన తెలుగువాళ్ల ఊళ్లు ఇవి. ఇక్కడ మగవాళ్లు మోకాళ్ల నొప్పి గురించి, కడుపులో మంట గురించి డాక్టరుకు వివరంగా చెప్పుకుంటారు. అంగం గట్టిపడటం లేదన్న మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. చివరికి గోడ మీద రాసి ఉన్న గుప్తరోగాల వైద్యుడి నంబరుకు ఎవరూ లేనప్పుడు ఫోన్ చేస్తారు. అతను నరాల బలహీనత అని తేల్చి లేహ్యాలు, పొడులు అంటగట్టి వేలకు వేలు లాగుతాడు. డబ్బు ఎలాగూ పోతుంది. నన్ను అంతకన్నా బాధపెట్టేది ఏమిటంటే, ఈ తంతులో ఎక్కడా ఆ మనిషి బీపీ చూసేవాళ్లుండరు, షుగర్ చూసేవాళ్లుండరు.

చూడటం ఎందుకు అవసరమో తెలియాలంటే, అంగం ఎలా గట్టిపడుతుందో ముందు తెలియాలి. కోరిక కలిగినప్పుడు అక్కడి నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దానివల్ల సీజీఎంపీ అనే రసాయనం తయారై నాళాల గోడల్లోని కండరాన్ని సడలిస్తుంది. రక్తం ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోతాయి, వచ్చిన రక్తం కాసేపు అక్కడే నిలుస్తుంది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ ఎలా సంకేతంగా పనిచేస్తుందో కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. గుండెనొప్పి మందుగా దాన్ని పరీక్షిస్తున్నప్పుడు ఈ గుణం బయటపడింది. సీజీఎంపీ త్వరగా విరిగిపోకుండా ఆపడమే ఆ మాత్ర చేసే పని. కోరికను అది పుట్టించదు.

అంటే ఇదంతా చాలావరకు రక్తనాళాల మీద ఆధారపడిన పని. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3 నుంచి 4. నాళాల్లో కొవ్వు పేరుకోవడం మొదలైతే ముందు ఇబ్బంది పడేది సన్నవే. అందుకే గుండెజబ్బు లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 5 ఏళ్ల ముందే చాలామందిలో అంగస్తంభన తగ్గుతుంది. నలభై ఐదేళ్ల మనిషికి శరీరం అంత ముందుగా కబురు పెడితే, ఆ కబురు లేహ్యం డబ్బా దగ్గర ఆగిపోకూడదన్నదే నా తపన.

షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య లేనివాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ, పైగా పదేళ్లు ముందుగానే వస్తుంది. ఖైనీ, గుట్కా, పళ్లకు రుద్దుకునే గుడాఖు, వీటన్నిటిలోనూ నికోటిన్ ఉంది. అది నాళాలను బిగబెడుతుంది. జీలుగు కల్లయినా సారా అయినా తాగితే ఊపు వస్తుందనుకుంటారు గానీ, మోతాదు పెరిగేకొద్దీ నరాలు మందగిస్తాయి. ఏళ్ల తరబడి తాగితే టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోను కూడా పడిపోతుంది.

కుర్రవాళ్ల సంగతి వేరు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లేవాళ్లను తీసుకోండి. రోజుకు పన్నెండు గంటల పని, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇంటికి రాక. ఉన్న కొద్ది రోజుల్లోనే అంతా జరగాలన్న టెన్షన్, పిల్లల కోసం పెద్దవాళ్ల ఒత్తిడి. భయంలో పుట్టే అడ్రినలిన్ నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. ఒకసారి కుదరకపోతే రెండోసారి ఆ భయమే ముందుకొస్తుంది. ఇలాంటివాళ్లకు నిద్రలో, తెల్లవారుజామున అంగం మామూలుగానే గట్టిపడుతుంటే శరీరం బాగానే ఉన్నట్టు. వాళ్లకు కావాల్సింది భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే మానసిక వైద్యుడు. ఆమె కూడా తప్పు తనదేనేమోనని లోపల కుమిలిపోతూ ఉంటుంది.

నిద్రలో వీర్యం పోతే ఒళ్లు గుల్లవుతుందన్నది వట్టి అపోహ. శీఘ్రస్ఖలనానికీ, అంటే వీర్యం మరీ త్వరగా పడిపోవడానికీ, మంచి వైద్యం ఉంది. ఐదు దేశాల్లో కొలిచి చూసిన ఒక అధ్యయనంలో కలయిక మధ్యస్థ సమయం 5.4 నిమిషాలే. సెల్‌ఫోన్ వీడియోలు చూసి అరగంట లెక్క పెట్టుకోకండి.

మన ప్రాంతంలో తప్పక చెప్పాల్సింది ఇంకొకటుంది. దక్షిణ ఒడిశా జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుకతో వచ్చే జబ్బు ఇది. 2023 జులైలో దేశవ్యాప్తంగా దాని నిర్మూలన కార్యక్రమం కూడా మొదలైంది. ఈ జబ్బున్న అబ్బాయిల్లో కొందరికి కోరికతో సంబంధం లేకుండా, ఎక్కువగా నిద్రలో, అంగం గట్టిపడి నొప్పితో అలాగే ఉండిపోతుంది. వంకర తిరిగిన ఎర్ర కణాలు రక్తం బయటికి పోయే దారిని మూసేయడమే కారణం. నాలుగు గంటలు దాటితే కణజాలం దెబ్బతినడం మొదలవుతుంది, తర్వాత జీవితాంతం అంగస్తంభన ఉండకపోవచ్చు. అమ్మకు చెప్పలేక, నాన్నకు చెప్పలేక పిల్లవాడు తెల్లవార్లూ ఓర్చుకుంటే ఆ గంటలు గడిచిపోతాయి. ఇంట్లో సికిల్ సెల్ ఉన్న అబ్బాయి ఉంటే తండ్రో మేనమామో ముందే చెప్పి ఉంచాలి: ఇలా అయితే అర్ధరాత్రయినా లేపు, ఆసుపత్రికి వెళ్దాం అని. అక్కడ నిలిచిన రక్తాన్ని సూదితో తీసి, నాళాలను ముడిచే మందు ఎక్కించి కాపాడతారు.

సిల్డెనాఫిల్, అదే కోవకు చెందిన టాడలాఫిల్ మంచి మందులే. అయితే గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు వాడేవాళ్లు వీటిని మింగితే బీపీ ప్రాణాపాయం దాకా పడిపోవచ్చు. ఆయుర్వేదం పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో సిల్డెనాఫిల్ దొంగచాటుగా కలిపినట్టు పరీక్షల్లో తేలింది కాబట్టి, పొడే కదా అన్న ధీమా పనికిరాదు. పిల్లలు కావాలనుకునే మగవాళ్లు టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్ల జోలికి వెళ్లకూడదు, అవి వీర్యకణాల ఉత్పత్తిని తగ్గిస్తాయి. 2004లో ఇటలీ పరిశోధకులు, అంగస్తంభన సమస్య ఉన్న 55 మంది స్థూలకాయులకు రెండేళ్లు ఆహారం, వ్యాయామం మార్పించి చూస్తే 17 మందికి మామూలు స్థితి తిరిగొచ్చింది. మార్పులు లేని మరో 55 మందిలో అలా కోలుకున్నది ముగ్గురే.

ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. పెద్ద పరీక్షలు కావాలంటే బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. డాక్టరు ముందు మాట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఎన్నాళ్ల నుంచి ఉంది, పొద్దున లేచేటప్పుడు గట్టిపడుతోందా, పొగాకు, తాగుడు అలవాట్లేమిటి అన్నవి రాస్తే చాలు. ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. బీపీకి ఇచ్చే అటెనొలాల్ లాంటివి, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఈ సమస్య తెస్తాయి. వాటిని మీరే ఆపేయకండి, డాక్టరు వేరే మందు మార్చి ఇవ్వగలరు.