నడుమ అరిగిన టైరు

మొన్న వానలు మొదలయ్యే ముందు బైకు వెనక టైరు మార్పిద్దామని వెళ్లాను. షాపు అన్న పాత టైరును రిమ్ము నుంచి ఊడదీసి నేల మీద పడుకోబెట్టి, అరచేత్తో అడ్డంగా ఒకసారి తడిమాడు. "నడిమిట్ల అంతా పోయింది సార్. పక్కలు సూడుండ్రి, కొత్తదాని లెక్కనే ఉన్నయ్" అన్నాడు.

నేనూ చెయ్యి పెట్టి చూశాను. నడుమ నాలుగు వేళ్ల వెడల్పున రబ్బరు పీటలా చదునుగా, నున్నగా ఉంది. ఆ చదును ముగిసేచోట వేలికి చిన్న గట్టు తగిలింది. గట్టు దాటితే గుండ్రటి వంపు, లోతైన గాడులు, అంచున కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా రెండు మూడు మిగిలే ఉన్నాయి. ఆ టైరు 9 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో ఎక్కువ భాగం బెంగళూరు హైవే మీద, నిట్టనిలువుగా, ఒకే వేగంతో.

లాంగ్ రైడ్లకు టైరు కొనేటప్పుడు అందరం మొదట అడిగేది "ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?" అనే. ఆ ప్రశ్నలో తప్పేం లేదు, మంచి టైర్ల జత అంటే చిన్న ఖర్చు కాదు. కానీ టైరు అంతా ఒక్కతీరుగా అరగదు. ఒక పట్టీ అరుగుతుంది. ఏ పట్టీ, ఎందుకు, ఎంత తొందరగా అన్నది తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. నా బండి వెనక టైరు సైజు 160/60-17. చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. 9 వేల కిలోమీటర్లంటే చక్రం 45 లక్షల సార్లు తిరిగిందన్నమాట. అరిగిన రబ్బరు మందం 6 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్కో చుట్టుకు పోయింది సగటున 1.3 నానోమీటర్లు. అంటే తలవెంట్రుక మందంలో 50 వేల వంతు. కొద్ది పరమాణువులను ఒకదాని మీద ఒకటి పేర్చినంత! ఇంత భారం మోస్తూ, గరుకు రాళ్ల మీద ఇంత వేగంగా పరుగెడుతూ, చుట్టుకు అంతే పోగొట్టుకునే వస్తువు మనింట్లో ఇంకొకటి లేదు. నిజానికి అది పొర పొరగా లేవదు. రబ్బరులో కంటికి కనిపించని చీలికలు పెరిగి పెరిగి ఎక్కడో ఒక నలుసు ఊడిపోతుంది. ఆ నలుసులన్నీ కలిపి సగటు తీస్తే వచ్చే లెక్క ఇది.

మరి గట్టి రబ్బరు వేస్తే ఆ నలుసులు ఊడవు కదా, టైరు ఎక్కువ కాలం వస్తుంది కదా? వస్తుంది. కానీ రోడ్డును పట్టుకోదు. ఎందుకో చూద్దాం.

తారు రోడ్డును దగ్గర నుంచి చూస్తే అదొక చిన్న కొండల వరస. మెత్తటి రబ్బరు ఆ కంకర మొనల మధ్యలోకి దిగుతుంది, చక్రం ముందుకు కదలగానే మళ్లీ యథారూపానికి వస్తుంది. వెంటనే రాదు, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యంలోనే పట్టు ఉంది. రాయిని ఎక్కేటప్పుడు రబ్బరు గట్టిగా నెడుతుంది, దిగేటప్పుడు అంత బలంగా తిరిగి నెట్టదు. ఆ తేడాయే మనకు గ్రిప్‌గా అందుతుంది, ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. పొడి రోడ్డు మీద రబ్బరు నేరుగా అంటుకోవడం వల్ల కూడా పట్టు వస్తుంది గానీ, వానలో మధ్యన నీటి పొర చేరి ఆ అతుకు చాలావరకు పోతుంది. అప్పుడు మనల్ని కాపాడేది ఈ ఆలస్యపు గుణమే.

ఇక్కడే చిక్కు. అదే ఆలస్యం టైరు తిరిగేటప్పుడు వేడిని కూడా పుట్టిస్తుంది. రోడ్డుకు తగిలిన ప్రతిసారీ టైరు నొక్కుకుని, మళ్లీ గుండ్రంగా అవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లు. వేడెక్కిన రబ్బరు తొందరగా అరుగుతుంది, తొందరగా ముసలిదవుతుంది. కాబట్టి పట్టు కావాలంటే ఆలస్యం కావాలి, ఆయుష్షు కావాలంటే ఆలస్యం ఉండకూడదు. చాలా దశాబ్దాలు టైరు తయారుచేసేవాళ్లు ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గే ఈ త్రాసుతోనే పనిచేశారు.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది వేసవిలో జిగురుగా కారకుండా, చలిలో పెళుసుగా విరగకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. గంధకం రబ్బరు పోగులను అక్కడక్కడా ముడివేస్తుంది. అయినా ఒట్టి రబ్బరు తొందరగా అరిగిపోయేది. గత శతాబ్దం మొదట్లో దానికి సన్నటి మసి కలపడంతో బలం చాలా రెట్లు పెరిగింది. టైరు నల్లగా ఉండటానికి కారణం ఆ మసే. అంతకు ముందు టైర్లు తెల్లగా, పాలిపోయిన రంగులో ఉండేవి.

రెండో పెద్ద మలుపు సిలికా. ఇసుకలో ఉండే పదార్థమే, కానీ నానో సైజు రేణువులుగా. సిలికాకు నీళ్లంటే ఇష్టం, రబ్బరుకు నీళ్లంటే పడదు. ఊరికే కలిపితే రెండూ విడివిడిగా ఉండిపోతాయి. అందుకని సైలేన్ అనే రసాయనాన్ని మధ్యవర్తిగా పెడతారు. అది ఒక చేత్తో సిలికాను, ఇంకో చేత్తో గంధకం ద్వారా రబ్బరును పట్టుకుంటుంది. ఈ పద్ధతితో టైర్ల కంపెనీ మిషెలిన్ 1992లో కార్ల టైరు తెచ్చింది.

సిలికా చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు రబ్బరు నొక్కుకునేది సెకనుకు పది పదిహేను సార్లు. కంకర మీద సన్నటి గరుకుల వల్ల నొక్కుకునేది సెకనుకు వేల నుంచి లక్షల సార్లు. అంటే వేడి పుట్టించే కదలిక నెమ్మది, పట్టునిచ్చే కదలిక వేగం. సరిగ్గా కుదిరిన సిలికా మిశ్రమం నెమ్మది కదలికలకు చురుగ్గా తిరిగొస్తుంది, వేగపు కదలికలకు మాత్రం ఆలస్యం చూపిస్తుంది. త్రాసులో రెండు పళ్లాలూ కలిసి పైకి లేచాయన్నమాట. ఈ రోజు స్పోర్ట్ టూరింగ్ టైరు, అంటే మలుపుల్లో పట్టూ దూరప్రయాణాలకు ఆయుష్షూ రెండూ చూసి చేసిన రకం, చల్లటి ఉదయం, తడి రోడ్డు మీద కూడా నమ్మకంగా నిలుస్తోందంటే ఎక్కువ పుణ్యం దీనిదే.

బైకు టైరుకు కారు టైరుకు లేని ఇంకో వీలుంది. కారు టైరు ఎప్పుడూ ఒకే చదును మీద నిలబడుతుంది. బైకు నిటారుగా ఉంటే నడుమ తగులుతుంది, వాలితే పక్క తగులుతుంది. అలాంటప్పుడు అంతా ఒకే రబ్బరు ఎందుకు వెయ్యాలి? నడుమ అరుగుదలకు ఓర్చుకునే మిశ్రమం, పక్కల్లో మెత్తగా పట్టుకునే మిశ్రమం వేస్తే సరిపోతుంది కదా. డ్యూయల్ కాంపౌండ్ అంటే ఇంతే. 2018లో వచ్చిన మిషెలిన్ రోడ్ 5 వెనక టైరులో అయితే గట్టి రబ్బరును పక్కల్లోని మెత్తటి రబ్బరు కిందికి కూడా పొడిగించారు. పైన మెత్తదనం పట్టుకుంటుంది, కింద గట్టిదనం అది ఊగకుండా చూస్తుంది. 2020లో టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310కి ఈ టైర్లే కంపెనీ నుంచి వచ్చాయి. అలా మన దగ్గర మధ్యతరగతి రైడర్లకు కూడా ఆ రబ్బరు పరిచయమైంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి ఈ టైర్ల కోసమే వేసినట్టుంటుంది. కడ్తాల్, కల్వకుర్తి, డిండి దాకా సాఫీగా పోతాం, టైరుకు పని నడుమే. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి వెళ్తే నీడ, తడి ఆకులు, మలుపులు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు పని పూర్తిగా పక్కలదే. గతేడు నేను ఆ ఘాట్‌లో వానలో చిక్కుకున్నాను. అప్పటికే టైరు నడుమ చదునైంది. బండిని మలుపులోకి వాల్చినప్పుడు ముందు ఏమీ జరగలేదు. ఆ చదును అంచు మీదికి రాగానే గట్టు దిగినట్టు ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. పడలేదు కానీ గుండె ఆగినంత పనైంది. గాడుల్లో ఇంకా లోతుంది, అరుగుదల గుర్తు దాకా రాలేదు, కాబట్టి టైరు బాగుందనే అనుకున్నాను. గాడుల లోతు మాత్రమే కాదు, టైరు ఆకారం కూడా అరుగుతుందని ఆ రోజు ఒంటికి తెలిసింది.

అందుకే నా దృష్టిలో టైరు ఆయుష్షు అంటే గుండు అయ్యేదాకా వచ్చిన కిలోమీటర్లు కాదు. వానలో, మలుపులో కొత్తప్పుడు ఇచ్చిన నమ్మకం ఎన్ని కిలోమీటర్లు నిలిచిందన్నదే ఆయుష్షు. రోడ్ 5 గురించి కంపెనీ చెప్పుకున్న విషయాల్లో నన్ను ఆకట్టుకున్నది ఇదే. 5,636 కిలోమీటర్లు తిరిగాక కూడా తడి రోడ్డు మీద అది అంతకు ముందు మోడల్ కొత్త టైరుతో సమానంగా ఆగుతుందని చెప్పారు. టైరు అరిగేకొద్దీ లోపల సన్నటి గాట్లు వెడల్పయ్యేలా అచ్చు చేశారు. కంపెనీ మాటను కంపెనీ మాటగానే తీసుకుందాం. కానీ వాళ్లు కొలిచిన విషయం సరైనది. ఏ బ్రాండు కొన్నా మనం వెతకాల్సింది అరిగిన టైరు వానలో ఎలా ఉందన్న మాటనే.

ఇక మన చేతిలో ఉన్నది. వెనక చక్రమే బండిని తోస్తుంది కాబట్టి అది ప్రతి క్షణం రోడ్డు మీద కొద్దిగా జారుతూనే ఉంటుంది, కంటికి కనిపించనంత. ఎంత బలంగా తోస్తే అంత జారుడు. బలం రెట్టింపైతే అరుగుదల దాదాపు నాలుగింతలవుతుందని రబ్బరు శాస్త్రంలో పాత లెక్క. గాలి ఎదురు ఒత్తిడి 80లో కంటే 120లో రెండుంబావు రెట్లు. ఈ రెండూ కలిపి చూస్తే హైవే మీద 120 పట్టుకుని పోయేవాడి టైరు నడుమ ఎందుకంత తొందరగా పోతుందో తెలుస్తుంది. పైగా ఆ వేడి. మే నెలలో గాలి 43 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు 60 దాటుతుంది. ఏ టైరైనా చలిదేశాల వాళ్లు రాసుకున్నన్ని కిలోమీటర్లు మనకు ఇవ్వదు. స్పోర్ట్ టూరింగ్ టైరు వెనక 8 నుంచి 12 వేలు వస్తే నేను సంతోషిస్తాను.

గాలి విషయం మాత్రం వివరంగా చెప్పాలి, ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. బండి మాన్యువల్‌లో రాసిన ప్రెజర్ చల్లటి టైరుకు. పొద్దున 25 డిగ్రీల దగ్గర 36 పీఎస్ఐ పెట్టారనుకోండి. రెండు గంటలు పోయాక టైరు లోపలి గాలి 55 డిగ్రీలకు చేరితే అదే గాలి 41 చూపిస్తుంది. మధ్యాహ్నం పెట్రోల్ బంకులో ఆగితే "ఎక్కువుంది సార్" అని 5 తీసేస్తారు. మర్నాడు పొద్దున ఆ టైరులో ఉండేది 31. తక్కువ గాలితో టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగితే వేడి, వేడికి అరుగుదల. సొంతంగా ఒక గేజ్ కొనుక్కుని, బయల్దేరే ముందు ఇంటి దగ్గరే చూసుకుంటే ఈ బాధ ఉండదు. వెనక మనిషి, రెండు బ్యాగులు ఉంటే వెనక టైరుకు ఎంత పెంచాలో మాన్యువల్‌లోనే ఉంటుంది.

టైరు మీది అంకెలు కూడా చదవండి. 69W అని ఉంటే 69 అంటే 325 కిలోల దాకా మోస్తుందని, W అంటే 270 వేగం దాకా ఓర్చుకుంటుందని. మనం 270లో పోము, కానీ వేడిని ఓర్చుకునే శక్తి ఆ అక్షరంలో ఉంది. నాలుగంకెల తయారీ తేదీలో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2324 అంటే 2024లో 23వ వారం. షాపులో మూడేళ్లు పడి ఉన్న టైరును తగ్గింపు ధరకిచ్చినా నేను తీసుకోను.

సైజు పెంచడం మన దగ్గర పెద్ద మోజు. రిమ్ముకు మించిన వెడల్పు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుని నడుమ మొనదేలుతుంది. నిటారుగా పోయేటప్పుడు రోడ్డుకు తగిలే చోటు పెరగకపోగా తగ్గుతుంది, నడుమ ఇంకా తొందరగా పోతుంది. కంపెనీ ఇచ్చిన సైజే ఉంచండి. పెద్ద బరువు బండ్లకు, ఇద్దరూ సామానుతో తిరిగేవాళ్లకు రోడ్ 5 జీటీ, బ్రిడ్జ్‌స్టోన్ టీ32 జీటీ లాంటి లోపలి నిర్మాణం గట్టిగా ఉన్న రకాలు వేరే ఉన్నాయి. తేలికైన బండికి అవి వేస్తే బిగుసుకుపోయినట్టుంటుంది. ముందూ వెనకా ఒకే జత వేయడం మేలు.

షాపు అన్న కొత్త టైరు ఎక్కించి, వాల్వ్ మీద ఉమ్మి తడి పెట్టి గాలి బుడగ రాకపోవడం చూసి, మూత బిగించాడు. "రెండు దినాలు జర మెల్లగ పోండి సార్, ఇంకా నున్నగుంది" అన్నాడు. మొదటి 150 కిలోమీటర్లు నేను మలుపుల్లో కొద్దికొద్దిగా వాలుస్తూ వెళ్లాను. ఇంటికొచ్చి చూస్తే నడుమ నుంచి రెండు పక్కలకూ మెరుపు పోయి, బూడిద రంగు గరుకు తేలింది. అంచున రబ్బరు వెంట్రుకలు అన్నీ అలాగే ఉన్నాయి.